బాత్రూం టైల్స్ సందుల్లో మరకలు యాసిడ్ పోయకుండా వదిలించడం ఎలా?

"టైల్స్ తళతళా మెరుస్తున్నాయండీ, మధ్యలో సందులే బొగ్గుతో గీసినట్టున్నాయి, ఏ యాసిడ్ మంచిది?" పండగ దగ్గర పడే కొద్దీ ఇలా అడిగేవాళ్లు పెరుగుతారు, ప్రశ్న మాత్రం మారదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబట్టి అంతా ఒకచోట రాసేస్తున్నా.

ముందు ఆ ప్రశ్నకే జవాబు. ఏ యాసిడూ మంచిది కాదు. ఫ్లాట్‌లో దిగిన రెండో ఏడు, సంక్రాంతికి అత్తగారి వాళ్లు వస్తున్నారని, మా వీధిలోకి బండి మీద ఫినాయిల్ అమ్మడానికొచ్చే అబ్బాయి దగ్గర యాసిడ్ సీసా కొని నేలంతా పోశాను. బుసబుసా పొంగింది. మురికంతా ఉడికి ఊడిపోతోందని సంబరపడ్డాను కూడా. కడిగాక నిజంగానే తెల్లగా వచ్చింది, పండగ గడిచింది. ఉగాది నాటికి మునుపటికంటే నల్లగా తయారైంది, గోరు పెడితే సందులోకి దిగిపోయింది. ఆ రోజు పొంగింది మురికి కాదు, మేస్త్రీ నింపిన వైట్ సిమెంట్. యాసిడ్‌కి సిమెంట్ కరుగుతుంది, కరిగిన చోట గుంట పడుతుంది, ఆ గుంటలో నీళ్లూ సబ్బూ బూజూ కాపురం పెడతాయి. (యాసిడ్ ఇష్టమొచ్చినట్టు అమ్మకూడదు, కొనేవాళ్ల గుర్తింపు కార్డు చూడాలని 2013లోనే సుప్రీం కోర్టు చెప్పింది. బండి మీద ఇప్పటికీ అడిగినవాళ్లకల్లా ఇస్తారు, అది వేరే సంగతి.)

ఇంకో ముక్క, ఇది తెలియకపోతే మిగతాదంతా వృథా. మన ఇళ్లలో చాలావరకు సందులు నింపేది వైట్ సిమెంట్‌తోనో, ప్యాకెట్లలో దొరికే గ్రౌట్ పొడితోనో. రెండూ సిమెంటే, రెండింటికీ కంటికి కనపడని రంధ్రాలుంటాయి, మరక పైన కాదు ఆ రంధ్రాల్లోపల ఉంటుంది. కొత్త ఇళ్లలో కొందరు ఎపాక్సీ వేయిస్తున్నారు. అది ప్లాస్టిక్‌లా నున్నగా ఉంటుంది, నీటి చుక్క వేస్తే పీల్చుకోదు. మీది ఎపాక్సీ అయితే గిన్నెలు తోమే లిక్విడ్, గోరువెచ్చటి నీళ్లు, బ్రష్షు చాలు, మిగతాది చదవక్కర్లేదు.

మరక ఏదో ముందు తేల్చుకోండి

అందరూ చేసే తప్పు ఇక్కడే. నలుపు, ఎరుపు, తెలుపు అన్నీ ఒకే మందుతో పోతాయనుకుంటారు. పోవు, పైగా ఒకదానికి పనికొచ్చేది ఇంకోదాన్ని పాడు చేస్తుంది.

నలుపు లేదా ముదురు ఆకుపచ్చ: చాలావరకు బూజు, పాచి. ఖాయం చేసుకోవాలంటే చెవిలో పెట్టుకునే దూది పుల్లను లిక్విడ్ బ్లీచ్‌లో ముంచి ఒక్కచోట అద్ది పది నిమిషాలు ఆగండి. రంగు తేలికపడితే బూజే. ఏమీ మారకపోతే అది మురికి, జిడ్డు.

పసుపు, గోధుమ రంగు జిడ్డు: సబ్బు, తలనూనె, సున్నిపిండి, కుంకుడు రసం, అన్నీ కలిసి పట్టిన మడ్డి. కూర్చుని స్నానం చేసే చోట, బకెట్ పెట్టే చోట ఎక్కువ.

తెల్లగా, గరుకుగా, సున్నం కొట్టినట్టు: బోరు నీళ్ల ఉప్పు. తాగే నీళ్లలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా పర్లేదని మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 అంటుంది. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే 700 పైన వచ్చింది, ఆ నీళ్లు రోజూ ఆరిపోయిన చోట ఏం మిగులుతుందో మీరే ఊహించుకోండి. పరీక్షకి వెనిగర్ చుక్క వేసి చూడండి, సన్నగా నురగ వస్తే ఉప్పే. అయితే చుక్క టైల్ మీద పేరుకున్న పొర మీద వేయాలి, సందులో కాదు. సందులో వేస్తే శుభ్రమైన సిమెంట్ కూడా నురగ కక్కుతుంది, మీరు పొరబడతారు.

ఇటుక రంగు: నీళ్లలోని ఇనుము, లేదా తుప్పు పట్టిన పైపు, బకెట్ కడ్డీ. కుళాయి కింద ధారగా కనిపిస్తుంది. దీని మీద బ్లీచ్ అసలు వేయకండి, మరక వదలకపోగా ఇంకా ముదురుతుంది.

గులాబీ రంగు జిగురు: భయపడకండి, అది ఒక రకం బాక్టీరియా. బ్రష్షుతో వెంటనే పోతుంది. వారానికే మళ్లీ వస్తుంది, తడి ఉన్నన్నాళ్లూ వస్తూనే ఉంటుంది.

కావలసినవి

గట్టి నైలాన్ బ్రష్షు ఒకటి, సందుల వెడల్పుకి సరిపోయే పాత టూత్ బ్రష్షులు రెండు మూడు. గిన్నెల లిక్విడ్. వంట సోడా. లిక్విడ్ బ్లీచ్, లేదా బ్లీచింగ్ పౌడర్, లేదా మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్, ఈ మూడింట్లో ఏదో ఒకటి. నిమ్మ ఉప్పు (తెల్ల ఉప్పు మరకలకి, తుప్పుకి మాత్రమే). టిష్యూ పేపర్, పాత నూలు గుడ్డ, ప్లాస్టిక్ మగ్గు. చేతులకి రబ్బరు గ్లోవ్స్, కళ్లకి అద్దాలు, కాళ్లకి జారని చెప్పులు. సోడా నీళ్లు పడిన టైల్ మీద కాలు పెడితే ఏమవుతుందో మా ఇంట్లో ఒకరికి బాగా తెలుసు.

స్టీలు పీచు, ఇనుప బ్రష్షు వద్దు. అవి సిమెంట్‌ని గోకేస్తాయి, విరిగిన సన్నటి ఇనుప ముక్కలు సందులో ఉండిపోయి నెల తిరిగేసరికి తుప్పు చుక్కలవుతాయి.

మొదలుపెట్టే ముందు ఒక్క హెచ్చరిక

బ్లీచ్‌తో ఏ పులుపూ కలవకూడదు. యాసిడ్, వెనిగర్, నిమ్మ ఉప్పు, టాయిలెట్ క్లీనర్, ఏదైనా సరే. చాలా టాయిలెట్ క్లీనర్లలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడే, దాంతో బ్లీచ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన బాత్రూంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. అమోనియా ఉన్న క్లీనర్లు కలిపినా విషవాయువులే. "రెండూ కలిపితే డబల్ పవర్" అని చెప్పేవాళ్ల మాట వినకండి. పొరపాటున కలిసి ఘాటు ముక్కుకి తగిలిందా, నీళ్లు కొట్టి కడుగుదాం అని అక్కడే నిలబడకండి, ముందు బయటికి వచ్చేసి గాలి తగిలే చోట ఉండండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి డాక్టర్‌కి చూపించాలి. ఆస్తమా ఉన్నవాళ్లు బ్లీచ్ పని ఇంకొకరికి అప్పగించండి, లేదా పెరాక్సైడ్ వాడండి.

ఇక పని

1. బకెట్లు, స్టూలు, షాంపూ సీసాలు అన్నీ బయట పెట్టేయండి. కిటికీ తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, తలుపు బార్లా తెరిచి ఉంచండి. నేలంతా ఒకేసారి మొదలుపెట్టకండి, తలుపు వెనకో మూలనో రెండు టైల్స్ మేర ముందు చేసి చూడండి. రంగు గ్రౌట్ ఉన్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం, బ్లీచ్ దాని రంగు తినేయవచ్చు.

2. జిడ్డు తీయండి. వేడి నీళ్ల మగ్గులో రెండు స్పూన్లు గిన్నెల లిక్విడ్ కలిపి సందుల మీద పోసి, ఐదు నిమిషాలు నాననిచ్చి, బ్రష్షుతో సందు పొడవునా రుద్దండి. చాలామంది ఈ మెట్టు ఎగ్గొట్టి నేరుగా బ్లీచ్ వేస్తారు. పైన నూనె పొర ఉంటే బ్లీచ్ లోపలికి దిగదు, తర్వాత "ఏం పని చేయలేదండీ" అంటారు. నిజానికి సగం ఇళ్లలో సగం నలుపు ఇక్కడే పోతుంది. శుభ్రంగా కడిగి నీళ్లు లాగేయండి.

3. మూడు పాళ్లు వంట సోడాకి ఒక పాలు నీళ్లు పోసి చిక్కగా, ఇడ్లీ పిండిలా కలపండి. సందుల్లో వేలితో పూసి పావుగంట ఆగి టూత్ బ్రష్షుతో రుద్దండి. ముందుకీ వెనక్కీ చిన్న చిన్నగా రుద్దాలి, బలమంతా పెట్టి కాదు. తెల్ల టూత్‌పేస్టు కూడా ఇలాగే పనిచేస్తుంది గానీ బాత్రూం మొత్తానికి టూత్‌పేస్టు అంటే ఖర్చు దండగ, ఒకటి రెండు మరకలకైతే సరే.

ఇక్కడ ఒక మాట. సోడా పూసి దాని మీద వెనిగర్ పోస్తే నురగ వస్తుంది చూడండి, వీడియోల్లో అందరూ చూపించేది, అది చూడ్డానికే బాగుంటుంది. పులుపు, సోడా ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మిగిలేది దాదాపు ఉప్పు నీళ్లు. నురగ మురికిని కాస్త కదిలిస్తుందేమో గానీ అసలు పని చేసేది తర్వాత మీరు రుద్దే రుద్దుడే. సోడా ఒక్కదాన్నే వాడండి.

4. కడిగి, గుడ్డతో ఒత్తి తుడిచి, గంటసేపు ఆరనివ్వండి. ఇంకా నల్లగా ఉంటే అది రంధ్రాల్లోకి దిగిన బూజు. దానికి మూడు దారులున్నాయి, మీ ఇంట్లో ఉన్నదాన్ని బట్టి ఎంచుకోండి.

లిక్విడ్ బ్లీచ్: ఒక కప్పుకి నాలుగు కప్పుల చల్లటి నీళ్లు. వేడి నీళ్లు వద్దు, ఘాటు పెరుగుతుంది, పని తగ్గుతుంది. బ్రష్షుతో సందుల్లో పూసి పది పదిహేను నిమిషాలు ఉంచి రుద్ది కడగండి. స్ప్రే సీసాతో కొట్టకండి, తుంపర్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గోడ సందులకి పూస్తే కారిపోతుంది కదా, దానికి టిష్యూ పేపర్‌ని తాడులా మెలిపెట్టి బ్లీచ్ నీళ్లలో తడిపి సందు మీద అంటించండి. గోడ మూలల్లో నల్లబడినవాటికి నాకు ఇంతకన్నా మంచి చిట్కా దొరకలేదు.

బ్లీచింగ్ పౌడర్: లీటరు నీళ్లకి రెండు పెద్ద స్పూన్లు, ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపండి. అరగంట కదపకుండా ఉంచితే తెల్లటి మడ్డి అడుక్కి దిగుతుంది, పైన తేరిన నీళ్లే వాడాలి. మడ్డితో సహా పోస్తే ఆరాక సందుల మీద సున్నం చారలు పడతాయి, తెల్లగా అయ్యాయనుకుని మోసపోతారు. కట్ట విప్పి ఏడాదిగా మూలన పడి ఉన్న పౌడర్‌లో సత్తువ ఉండదు. వాసన రాకపోతే పారేయండి.

హైడ్రోజన్ పెరాక్సైడ్: వంట సోడాలో నీళ్లకి బదులు ఇది పోసి ముద్ద చేసి పూయండి, అరగంట తర్వాత రుద్దండి. బ్లీచ్ అంత వేగం లేదు, రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు. కానీ ఘాటు లేదు, ఇంట్లో చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే నేను ఇదే చెబుతాను. కలిపిన ముద్ద అప్పటికప్పుడు వాడేయాలి, మూత బిగించి దాచకండి, లోపల గాలి పుట్టి సీసా పగులుతుంది.

ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ తెల్లబడుతుందని రాత్రంతా బ్లీచ్ వదిలేసేవాళ్లున్నారు. కుళాయిల మెరుపు పోతుంది తప్ప ఒరిగేదేం లేదు. పదిహేను నిమిషాల చొప్పున రెండుసార్లు చేయండి.

5. తెల్ల ఉప్పు, తుప్పు మరకలు. ఇది ఇంకో రోజు చేయండి, బ్లీచ్ వేసిన రోజు వద్దు. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో ఒక స్పూను నిమ్మ ఉప్పు కరిగించండి. ముందు సందులని మామూలు నీళ్లతో బాగా తడపండి. రంధ్రాలు నీళ్లతో నిండి ఉంటే పులుపు లోపలికి దిగకుండా పైనే పని చేసుకుంటుంది. తర్వాత బ్రష్షుతో మరక మీద మాత్రమే రాసి, రెండు మూడు నిమిషాల్లో రుద్ది, పుష్కలంగా నీళ్లతో కడిగేయండి. చివరగా చెంచాడు వంట సోడా కలిపిన మగ్గు నీళ్లు పోస్తే మిగిలిన పులుపు చస్తుంది. నిమ్మ ఉప్పు కూడా యాసిడే కదా అంటారేమో, అవును, అందుకే మూడు నిమిషాలు అంటున్నాను. మందంగా పేరుకున్న పొరని ఒక్కరోజులో తీయాలని చూడకండి, ప్లాస్టిక్ గరిటె అంచుతో గీకి, వారానికి ఒకసారి చొప్పున తగ్గించుకుంటూ రండి.

మీ బాత్రూం నేల టైల్స్ కాకుండా తాండూరు బండలో, కడప బండలో, మార్బులో అయితే ఈ మెట్టు మీకు కాదు. అవి సున్నపు జాతి రాళ్లు, నిమ్మరసం చుక్క పడినా మెరుపు పోయి మచ్చ పడుతుంది, ఆ మచ్చ మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప పోదు. గోడలకి టైల్స్, నేలకి బండలు ఉన్న ఇళ్లు మన దగ్గర చాలా. గోడ మీద రాసేటప్పుడు కింద తడి గుడ్డ పరచండి.

6. రెండుసార్లు కడిగి, వైపర్‌తో లాగి, పొడి గుడ్డతో తుడిచి, ఆ రాత్రికి ఆ బాత్రూం వాడకుండా ఫ్యాన్ వేసి వదిలేయండి. ఒకటే బాత్రూం ఉన్నవాళ్లు రాత్రి అందరి స్నానాలూ అయ్యాక మొదలుపెట్టండి.

అయ్యిందో లేదో ఎలా తెలుస్తుంది?

తడిగా ఉన్నప్పుడు చూసి నిర్ణయించకండి. సిమెంట్ తడిస్తే ముదురుగా కనపడుతుంది, పోలేదని మళ్లీ బ్లీచ్ పోసేది అందుకే. కనీసం 24 గంటలు ఆరాక పగటి వెలుతురులో చూడండి. తడిపిన తెల్ల గుడ్డని సందు మీద గట్టిగా రుద్దండి, గుడ్డ తెల్లగానే ఉంటే మురికి పోయినట్టు, ఇక మిగిలిన నీడ లోపలి మరక. అది కాస్త ఉన్నా వదిలేయండి, పదేళ్ల సందులు కొత్తవాటిలా రావు.

తర్వాత గోరుతో గీకి చూడండి. పొడి రాలితే, గుంటలుంటే, అక్కడక్కడా సిమెంటే లేకపోతే మీరు ఎంత రుద్దినా లాభం లేదు, మళ్లీ నింపించాల్సిందే. గ్రౌట్ గీకే చిన్న రంపం హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, రెండు మూడు మిల్లీమీటర్ల లోతు గీకి, దుమ్ము ఊడ్చి, తడిపి, గ్రౌట్ పొడిని ముద్దగా కలిపి రబ్బరు గరిటెతో ఒత్తాలి. పావుగంట, ఇరవై నిమిషాలయ్యాక తడి స్పాంజితో టైల్స్ తుడిచి, ఒక రోజంతా నీళ్లు తగలనివ్వకూడదు. చిన్న బాత్రూం అయితే మీరే చేసుకోవచ్చు. మేస్త్రీని పిలిస్తే తెల్లది వేస్తానంటాడు, మొహమాటపడకుండా బూడిద రంగు వేయమనండి. నేలకి తెల్ల గ్రౌట్ వేయించుకోవడం అంటే వానాకాలం తెల్ల ప్యాంటు వేసుకుని మార్కెట్‌కి వెళ్లడమే.

గోడ మూలల్లో, వాష్ బేసిన్ అంచున సాగే రబ్బరులా ఉండేది గ్రౌట్ కాదు, సిలికాన్. దాని లోపలికి నలుపు దిగితే ఇందాకటి టిష్యూ తాడుని గంటసేపు పెట్టి చూడండి, పోలేదా, బ్లేడుతో కోసి తీసేసి కొత్తది వేయడమే.

శుభ్రమైన, బాగా ఆరిన సందులకి గ్రౌట్ సీలర్ రాస్తే నీళ్లు పీల్చుకోవడం తగ్గుతుంది. రాసిన మర్నాడు నీటి చుక్క వేసి చూడండి, ముత్యంలా నిలిస్తే పట్టినట్టు, మచ్చలా ఇంకిపోతే ఇంకో పూత కావాలి. కొవ్వొత్తి రుద్దే చిట్కా నేనూ ప్రయత్నించాను. వేడి నీళ్ల స్నానాలు జరిగే చోట పది రోజులు కూడా ఉండలేదు, పైగా నేల జారింది.

రోజువారీ పని ఒక్కటే చెబుతాను. చివర స్నానం చేసినవాళ్లు నేలకీ గోడకీ ఒకసారి వైపర్ లాగి, తలుపు తీసి ఉంచాలి. రెండు నిమిషాల పని, మా ఇంట్లో అలవాటు చేయడానికి మాత్రం ఆరు నెలలు పట్టింది. రెండు కుళాయిలున్న ఇళ్లలో చివరి మగ్గు బోరు నీళ్లు కాకుండా మంజీరా నీళ్లో కృష్ణా నీళ్లో పోస్తే తెల్ల పొర బాగా తగ్గుతుంది.

అన్నీ చేసినా ఒకే చోట, ఒకే రెండు సందులు వారం తిరక్కుండా నల్లబడుతున్నా, సందులోంచి తెల్ల పొడి ఉబికి వస్తున్నా, కింది ఫ్లాట్ వాళ్లు సీలింగ్‌లో చెమ్మ ఉందన్నా, బ్రష్షు పక్కన పెట్టి ప్లంబర్‌ని పిలవండి. టైల్స్ కింద ఎక్కడో నీళ్లు కారుతున్నాయి.